దెబ్బకు ముందు, దెబ్బకు తరువాత: వైబ్రాఫోన్ నాదంలో మ్యాలెట్టు పాత్ర, పట్టు పాత్ర

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం సంగీత విద్యార్థులు, వాద్యకారుల ఎదుట చేసిన ప్రసంగానికి ఇది లిఖిత రూపం. వాయించి చూపిన సందర్భాలను కుండలీకరణాల్లో సూచించాం.)

సభకు నమస్కారం. మాటల్లోకి దిగేముందు ఒకే స్వరాన్ని మూడుసార్లు వినిపిస్తాను. మూడుసార్లూ అదే పలక, అదే చెయ్యి, ఇంచుమించు అదే ఎత్తు నుంచి దెబ్బ. దయచేసి కళ్ళు మూసుకుని వినండి.

(వక్త మధ్యస్థాయి షడ్జాన్ని మూడు వేర్వేరు మ్యాలెట్లతో వాయించారు.)

మొదటిసారి విన్నది దూరంగా ఎక్కడో గుడిలో మోగిన గంటలా మొదలే తెలియకుండా వచ్చింది. రెండోసారి మొదలు తెలిసింది, ఒంటి నిండుదనమూ ఉంది. మూడోసారి స్వరం కంటే ముందు లోహం వినిపించింది. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి మూడోది వేరే వాద్యమేమో అని పక్కవారిని అడగడం నా చెవిన పడింది. వాద్యం ఒకటేనమ్మా. మారినవి నా చేతిలోని పుల్లలు మాత్రమే. వాటిని మ్యాలెట్లు అంటాం. చెక్క లేదా పేముబెత్తపు కాడ, దాని కొసన రబ్బరు ఉండ, ఆ ఉండ చుట్టూ బిగించి చుట్టిన నూలు తాడు, ఇంతే దాని నిర్మాణం. ఇంత చిన్న వస్తువు నాదాన్ని ఇంతగా ఎలా మార్చగలుగుతోంది, దాన్ని పట్టుకున్న చేతికి ఆ మార్పులో వాటా ఎంత అన్నదే ఈ సాయంత్రపు విషయం.

నా ముందున్న ఈ వైబ్రాఫోన్, అంటే పియానో మెట్ల వరుసలో పేర్చిన లోహపు పలకలను మ్యాలెట్లతో కొట్టి వాయించే వాద్యం, గురించి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. వైబ్రాఫోన్ అన్న పేరుతో మొదటి వాద్యాన్ని అమెరికాలో లీడీ అనే కంపెనీ 1920ల తొలి ఏళ్ళలో అమ్మకానికి పెట్టింది. 1927లో డీగన్ కంపెనీకి చెందిన హెన్రీ ష్లూటర్ ఉక్కు పలకల స్థానంలో అల్యూమినియం పలకలు పెట్టి, మోతను కాలితో ఆపడానికి పెడల్ చేర్చి, ఈనాడు మనం చూస్తున్న రూపానికి దగ్గరగా తెచ్చాడు. మామూలుగా మూడు స్థాయిలు, 37 పలకలు ఉంటాయి. ప్రతి పలక కింద ఒక గొట్టం, గొట్టం నోటి దగ్గర మోటారుతో తిరిగే చిన్న బిళ్ళ ఉంటాయి. బిళ్ళ గొట్టాన్ని మూస్తూ తెరుస్తూ ఉంటే మోత పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. 1930లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగులో లయొనెల్ హాంప్టన్ దీన్ని వాయించిన తరువాత జాజ్ సంగీతంలో ఈ వాద్యానికి పీట పడింది. మోటారు సంగతి ఈ రోజుకు పక్కన పెడుతున్నాను. అది నాదానికి తొడిగే తొడుగే తప్ప నాదం పుట్టే చోటు కాదు. ఇప్పుడు కూడా మోటారు ఆపే ఉంచాను.

నాదం పుట్టే చోటు ఎక్కడ? మ్యాలెట్టు గుండు పలకను తాకి తిరిగి లేచేలోపు ఉన్న కాలంలో. ఆ కాలం ఎంతో ఊహించండి. గట్టి గుండయితే అది ఒక మిల్లీసెకనులో, అంటే సెకనులో వెయ్యో వంతులో, కొంత భాగం మాత్రమే. మెత్తని గుండయితే రెండు, మూడు మిల్లీసెకన్లు. చెవి విన్న దానికి చెయ్యి స్పందించాలంటే వంద మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. అంటే తాకిడి జరుగుతున్న సమయంలో వాద్యకారుడు చేయగలిగింది ఏమీ లేదు. బాణం వింటిని వదిలేసింది. గాయకుడు స్వరం నడుస్తుండగా దాన్ని దిద్దుకోగలడు, వయొలిన్ వాద్యకారుడు కమాను ఒత్తిడిని మధ్యలో మార్చగలడు, మాకు ఆ వెసులుబాటు లేదు. అందుచేత నా వాదన ఇది: తాకిడి మ్యాలెట్టుది, దానికి ముందూ వెనకా ఉన్నదంతా చేతిది. పట్టు నాదాన్ని మారుస్తుందని మనం అనుకునే సందర్భాలన్నిటిలోనూ అది గుండు వేగాన్నో, వాలునో, తగిలే చోటునో, లేచే తీరునో మార్చి, వాటి ద్వారానే నాదాన్ని మారుస్తుంది. ఈ తేడా గుర్తించని విద్యార్థి మ్యాలెట్టు లోపాన్ని చేతితో, చేతి లోపాన్ని మ్యాలెట్టుతో దిద్దబోయి రెండిటా నష్టపోతాడు. ఈ మాట అనుభవం మీదే చెబుతున్నాను, ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ముందు తాకిడి కాలం సంగతి పూర్తి చేద్దాం. ఇందాక వాయించిన షడ్జం, అంటే పాశ్చాత్యుల మధ్యస్థాయి సి, సెకనుకు దాదాపు 262 సార్లు కంపిస్తుంది. ఆ పలక ఒక్క స్వరమే పలకదు, దానితోపాటు అతిస్వరాలూ, అంటే ఆ మూల స్వరం కంటే ఎత్తైన స్వరాలూ, పలుకుతాయి. కడ్డీని ఉన్నదున్నట్టుగా మోగిస్తే దాని రెండో కంపనం మొదటిదానికి 2.76 రెట్లు ఉంటుంది, అది చెవికి శ్రుతి కలవదు. అందుకే పలక అడుగుభాగాన్ని విల్లులా తొలిచి ఆ రెండో కంపనాన్ని సరిగ్గా నాలుగు రెట్లకు, అంటే రెండు స్థాయిల పైనున్న షడ్జానికి, తీసుకొస్తారు. చెక్క పలకల వాద్యమైన జైలోఫోన్‌లో సాధారణంగా దాన్ని మూడు రెట్లకు తెస్తారు. ఆ రెండు వాద్యాల ధ్వనిలో తేడాకు ఇదొక కారణం. మన షడ్జం పలకలో ఒక కంపనానికి 3.8 మిల్లీసెకన్లు పడితే, దాని నాలుగు రెట్ల అతిస్వరానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఇప్పుడు మెత్తని గుండు రెండు మిల్లీసెకన్లపాటు పలకను అంటిపెట్టుకుని ఉందనుకోండి. ఆ లోపల అతిస్వరం రెండు చుట్లు తిరగాలి, కాని తిరగబోయిన ప్రతిసారీ గుండు దాని మీద చెయ్యి వేసినట్టు ఆపేస్తుంది. మూల స్వరానికి ఆ అడ్డు లేదు, అది ఇంకా సగం చుట్టులోనే ఉంది. గట్టి గుండు అయితే అతిస్వరం ఒళ్ళు విరుచుకునేలోపే లేచిపోతుంది, కనుక అది కూడా మోగుతుంది. మెత్తని మ్యాలెట్టు అతిస్వరాలను పుట్టకముందే ఆపేస్తుంది, గట్టి మ్యాలెట్టు వాటిని వదిలేస్తుంది. గట్టిది అదనంగా తెచ్చిపెట్టేది ఏమీ లేదు.

వీణ వాయించేవారు ఈ సభలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. గోటితో మీటడానికీ, వేలికి తొడిగిన తీగ మీటుతో మీటడానికీ తేడా వారికి నేను చెప్పనక్కరలేదు. డప్పు వాద్యకారులు కుడిచేత పొట్టిగా లావుగా ఉన్న సిర్రను, ఎడమచేత సన్నని చిటికెన పుల్లను పట్టుకోవడం వెనుకా ఈ సూత్రమే ఉంది. మనవాళ్ళు దీన్ని మిల్లీసెకన్లలో లెక్కపెట్టలేదంతే.

ఈ లెక్క నుంచి ఒక చిక్కు బయటపడుతుంది. వాద్యం కుడి కొసన ఉన్న చివరి పలక సెకనుకు దాదాపు 1,400 సార్లు కంపిస్తుంది, ఒక కంపనానికి 0.7 మిల్లీసెకను. ఇందాక మంద్రంలో అంత ఇంపుగా పలికిన మెత్తని మ్యాలెట్టుతో దాన్ని వాయించి చూపిస్తాను.

(వక్త చివరి పలకను మెత్తని మ్యాలెట్టుతో వాయించారు. గుండు శబ్దమే తప్ప స్వరం దాదాపు వినిపించలేదు.)

చూశారా, మూల స్వరమే నలిగిపోయింది. గుండు తానే కొట్టి తానే నోరు మూసింది. దీని అర్థం ఏమంటే వాద్యం మొత్తానికి సరిపోయే మ్యాలెట్టు లేదు. ఉన్నవన్నీ రాజీలే. నాలుగు మ్యాలెట్లతో వాయించేవారిలో కొందరు ఎడమచేత కాస్త మెత్తనివి, కుడిచేత కాస్త గట్టివి పట్టుకుంటారు. నాకు ఆ పద్ధతి అంత నచ్చదు. రాగం కింది స్థాయి నుంచి పై స్థాయికి ఎక్కుతున్నప్పుడు మధ్యలో ఎక్కడో గొంతు మారినట్టు వినిపిస్తుంది. నాలుగూ ఒకే రకం పెట్టుకుని, పైకి వెళ్ళే కొద్దీ చేతి వేగంతో సర్దుకోవడం నాకు అలవాటు.

చేతి వేగంతో సర్దుకోవడం అంటే ఏమిటో వివరించాలి, ఎందుకంటే అసలు కిటుకు ఇక్కడ ఉంది. మంచి మ్యాలెట్టు రెండు అంచెలుగా పని చేస్తుంది. నెమ్మదిగా కొడితే పైనున్న నూలు పొర మాత్రమే నలుగుతుంది, తాకిడి కాలం ఎక్కువ, నాదం మెత్తన. గట్టిగా కొడితే నూలు పూర్తిగా నలిగి దెబ్బ లోపలి రబ్బరు దాకా చేరుతుంది. అప్పుడు తాకిడి కాలం తగ్గి, అతిస్వరాలు మేల్కొంటాయి. అంటే ఒకే మ్యాలెట్టులో మెత్తనిదీ గట్టిదీ రెండూ ఉన్నాయి, ఏది బయటికి రావాలో చేతి వేగం నిర్ణయిస్తుంది. అంగట్లో మ్యాలెట్టు కొనేటప్పుడు గోటితో నొక్కి చూసి మెత్తగా ఉంది, గట్టిగా ఉంది అని తేల్చేస్తారు కొందరు. అది చాలదు. మెల్లగా ఒకసారి, బలంగా ఒకసారి కొట్టి, ఆ రెండు ధ్వనుల మధ్య ఎంత దూరం ఉందో వినాలి. దూరం మరీ తక్కువైతే ఆ మ్యాలెట్టు ఒకే మాట పదేపదే చెబుతుంది. మరీ ఎక్కువైతే చేతిలో చిన్న తొట్రుపాటుకే స్వరం అరుస్తుంది.

ఇప్పుడు నా కథ. చాలా ఏళ్ళ క్రితం ఈ ఊళ్ళోనే ఒక స్టూడియోలో పాట రికార్డింగుకు వెళ్ళాను. వాద్యానికి అప్పటికి కొత్తవాణ్ణి, అంతకుముందంతా ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాణ్ణి. రెండు టేకులయ్యాక లోపలి గదిలోంచి సౌండ్ ఇంజనీరు కుర్రాడు మైకులో, "గురువుగారూ, స్వరం కంటే ముందు టక్ మని ఏదో వస్తోందండీ" అన్నాడు. నేను మ్యాలెట్లు మార్చాను, ఇంకొంచెం మెత్తనివి తీశాను. టక్ మనడం తగ్గలేదు. సంచిలో ఉన్నవాటిలో అన్నిటికంటే మెత్తనివి తీశాను. ఇంకా పెరిగింది. నాకు మైకు మీద అనుమానం వచ్చింది, ఆ మాట పైకి అనేశాను కూడా. పక్కనే వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. నెమ్మదిగా, "బాబూ, మైకు సంగతి తరువాత చూద్దాం, ముందు నీ వేళ్ళు చూసుకో" అన్నారు. చూసుకున్నాను. చూపుడువేలి కణుపు దగ్గర రక్తం ఇంకిపోయినట్టు తెల్లగా అయిపోయి ఉంది.

జరిగిందేమిటో ఇప్పుడు మీకు తెలిసిపోయే ఉంటుంది. మ్యాలెట్టు మెత్తబడే కొద్దీ నాకు హెడ్‌ఫోన్‌లో స్వరం వినిపించడం తగ్గింది. తగ్గిన కొద్దీ తెలియకుండానే బిగించి కొట్టాను. ఆ బలానికి పలచని నూలు దాటి దెబ్బ నేరుగా రబ్బరుకు తగిలింది. ఆపైన బిగించిన చెయ్యి గుండును వెంటనే పైకి లేవనివ్వలేదు. లేవాల్సిన గుండు పలక మీద ఒక్క రవ్వ ఎక్కువసేపు కూర్చుంటే స్వరం కుదించుకుపోతుంది, మిగిలేది టక్ అన్న చప్పుడే. చివరికి మొదట తెచ్చిన మధ్యరకం మ్యాలెట్లే తీసుకుని, చెయ్యి వదులు చేసి వాయిస్తే ఆ టేకు ఒప్పుకున్నారు. మైకుకు నేను ఇప్పటికీ క్షమాపణ బాకీ ఉన్నాను.

పట్టు దగ్గరికి వచ్చాం కనుక రెండు మ్యాలెట్లతోనే మొదలుపెడతాను. బొటనవేలి మెత్త, చూపుడువేలి పక్క కలిసి ఒక కీలులా పని చేయాలి. మిగతా మూడు వేళ్ళు కాడను పట్టుకోకూడదు, దానికి తోడుగా ఉండాలి. గుండు పలకను తాకగానే పలకే దాన్ని పైకి విసురుతుంది. ఆ విసురును అడ్డుకోకుండా ఉండడమే వదులు పట్టుకు అర్థం. వదులు అంటే జారిపోయేలా పట్టుకోవడం అని కొందరు పిల్లలు పొరబడతారు, అలా పడితే గుండు ఏ చోట తగలాలో తెలియక తికమకపడుతుంది. కాడను చివర దాకా వెనక్కి పట్టుకుంటే గుండుకు వేగం ఎక్కువ, గుండుకు దగ్గరగా పట్టుకుంటే అదుపు ఎక్కువ, బరువు తక్కువ. నెమ్మదైన ఆలాపనకు నేను వెనక్కి జరుగుతాను, వేగమైన వరుసలకు ఒక అంగుళం ముందుకు వస్తాను. ఇంతకు మించిన రహస్యం అందులో లేదు.

గుండు పలకకు ఏ వాలులో తగులుతుందన్నది చాలామంది పట్టించుకోని విషయం. నూలు చుట్టిన గుండుకు నడుము భాగంలో చుట్లు బిగువుగా ఉంటాయి, నెత్తి మీద కుట్టు దగ్గర కాస్త మెత్తగా ఉంటుంది. మణికట్టు కిందికి దించి కాడను పలకకు సమాంతరంగా ఉంచితే నడుము తగులుతుంది, స్వరం స్పష్టంగా వస్తుంది. మణికట్టు పైకెత్తి కాడను వాలుగా దించితే నెత్తి తగులుతుంది, అదే మ్యాలెట్టు ఒక అంచె మెత్తబడినట్టు వినిపిస్తుంది. మ్యాలెట్టు మార్చుకునే వ్యవధి లేని చోట ఇదొక దారి.

తగిలే చోటు మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. పలక నట్టనడుమ మూల స్వరానికి ప్రస్పందన స్థానం, అంటే ఊపు అత్యధికంగా ఉండే చోటు. ఇందాక చెప్పిన నాలుగు రెట్ల అతిస్వరానికి అదే నడుమ అస్పందన స్థానం, అక్కడ దానికి ఊపే లేదు. కాబట్టి సరిగ్గా నడుమ కొడితే మూల స్వరం శుద్ధంగా వస్తుంది. నడుమ నుంచి రెండు వేళ్ళ వెడల్పు పక్కకు జరిగితే అతిస్వరం తొంగిచూస్తుంది. ఇంకా జరిగి, ఒక కొస నుంచి పలక పొడవులో దాదాపు 22 శాతం దూరాన, పలకను మోసే తాడు దూరిన చోట కొడితే మూల స్వరమే చచ్చిపోతుంది.

(వక్త ఒకే పలకను నడుమ నుంచి తాడు దాకా జరుగుతూ వాయించారు.)

వీణలో మేరువు నుంచి గుర్రం వైపు మీటు జరిపితే వచ్చే మార్పుకు ఇది దగ్గరి బంధువు. అయితే మా దగ్గర ఒక ఇబ్బంది ఉంది. వెనక వరుస పలకలు, అంటే పియానోలో నల్ల మెట్ల లాంటివి, చేతికి దూరంగా ఉంటాయి. వేగంగా వాయించేటప్పుడు వాటిని నడుమ కాకుండా మన వైపు కొస మీద కొట్టేయడం మామూలే. ఫలితంగా ఒకే రాగంలో కోమల స్వరాలన్నీ ఒక గొంతుతో, తక్కినవి ఇంకో గొంతుతో పలుకుతాయి. వినేవారికి కారణం తెలియదు, ఏదో అతుకు మాత్రం తెలుస్తుంది.

ఇక నాలుగు మ్యాలెట్లు. ఒక్కో చేతిలో రెండేసి కాడలు పట్టడానికి మూడు నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నా, వైబ్రాఫోన్ వాద్యకారులు ఎక్కువగా మొగ్గు చూపేది బర్టన్ పట్టు వైపు. 1943లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టిన వైబ్రాఫోన్ వాద్యకారుడు గ్యారీ బర్టన్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. ఇందులో లోపలి కాడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, బయటి కాడ చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఉంటాయి. రెండూ అరచేతిలో కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతాయి. అంతకుముందున్న సంప్రదాయ పట్టులోనూ కాడలు దాటుతాయి కాని, ఏది పైన ఏది కింద అన్న వరుస బర్టన్ పట్టులో తిరగబడింది. ఆ చిన్న తిరగబాటుతో బయటి మ్యాలెట్టుకు గట్టి ఆధారం దొరికింది. రాగం వాయించే పని దానికి అప్పగించినా అది వణకదు. అరచేయి నేలవైపు చూస్తుంది కనుక చేతి బరువు రెండు గుండ్లకూ సూటిగా అందుతుంది.

రెండోది స్టీవెన్స్ పట్టు. లీ హోవర్డ్ స్టీవెన్స్ పేరున 1970లలో మారింబా, అంటే వైబ్రాఫోన్‌ను పోలిన చెక్క పలకల వాద్యం, వాయించేవారిలో ఇది వ్యాపించింది. ఇందులో కాడలు దాటవు. బయటి కాడను ఉంగరపువేలు, చిటికెనవేలు చుట్టి పట్టుకుంటాయి, లోపలి కాడ చివర అరచేతిలో ఆనుతుంది, చెయ్యి కరచాలనానికి చాచినట్టు నిటారుగా ఉంటుంది. ప్రతి మ్యాలెట్టునూ విడిగా, మణికట్టు మెలితో కదిలించవచ్చు. మెత్తగా, ఎడం పెద్దగా ఉండే స్వరసముదాయాలకు, ఒంటిచేతి రోలుకు, అంటే ఒకే చేతిలోని రెండు మ్యాలెట్లతో వెంటవెంటనే కొట్టి స్వరాన్ని నిలబెట్టడానికి, ఇది అందంగా ఉంటుంది. కాని చిటికెనవేలి మీద భారం ఎక్కువ. వైబ్రాఫోన్‌లో గుండుతో కొట్టడంతోపాటు, మోత ఆపడానికి పలకను నొక్కడం కూడా చేయాలి, ఆ నొక్కు దగ్గర నాకు బర్టన్ పట్టే నమ్మకంగా ఉంటుంది. స్టీవెన్స్ పట్టుతో అద్భుతంగా వాయించేవారు ఉన్నారు కనుక దీన్ని శాసనంగా తీసుకోకండి.

పట్టుకు తగ్గ కాడ ఉండాలి. దాటే పట్టులో పేముబెత్తపు కాడ బాగా ఒదుగుతుంది. అది కొంచెం వంగుతుంది, ఆ వంపు దెబ్బలోని కరుకును కాస్త మింగేస్తుంది, రెండు కాడలు ఒరుసుకున్నా చప్పుడు తక్కువ. మెలి మీద ఆధారపడే స్టీవెన్స్ పట్టుకు వంగని బర్చ్ చెక్క కాడ మేలు, మణికట్టు ఎంత తిరిగితే గుండూ అంతే తిరగాలి కదా. బెత్తంతో వచ్చే తంటా ఏమిటంటే రెండు బెత్తాలు ఒకేలా ఉండవు. నాలుగు కాడల జత కావాలంటే పది పన్నెండు కాడలు ముందేసుకుని, బల్ల మీద తట్టి ధ్వని విని, వంచి చూసి ఏరుకోవాలి. మన ఊరి గాలికి అవి గోడకు ఆనించి పెడితే నెలలో వంకర తిరుగుతాయి. పడుకోబెట్టి ఉంచాలి. ఒకసారి ఏటికొప్పాక వెళ్ళి, బొమ్మలు చేసే ఒకాయన చేత అంకుడు కర్రతో నాలుగు కాడలు తరిమెన పట్టించుకున్నాను. లక్క రంగుతో చూడముచ్చటగా వచ్చాయి. బొమ్మకు అంకుడు కర్ర ఎందుకు మంచిదో, అంటే మెత్తగా తేలిగ్గా ఉండడం, అదే కారణానికి కాడగా అది పనికిరాలేదు. రెండో కచేరీలోనే ఒకటి మెడ దగ్గర విరిగింది. మిగిలిన మూడూ మా ఇంట్లో షోకేసులో ఉన్నాయి.

నూలు గురించి ఒక్క మాట. మారింబా మ్యాలెట్లకు సాధారణంగా ఊలు చుడతారు, వైబ్రాఫోన్‌కు నూలు తాడు. లోహపు పలక అంచు ఊలును త్వరగా కోసేస్తుంది, నూలు తట్టుకుంటుంది. అయినా ఏడాది వాడకంలో గుండు ఒకవైపు చదునుబడి పీచు లేస్తుంది. పీచు లేచిన వైపు మెత్తగా, అరిగిన వైపు గట్టిగా పలుకుతుంది. రెండు స్వరాలకొకసారి కాడను వేళ్ళ మధ్య కొద్దిగా తిప్పుతూ ఉంటే అరుగుదల సమానంగా ఉంటుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం కనుక ఇంకో జాగ్రత్త. ఏసీ హాల్లోంచి తీసి బీచ్ రోడ్డు మీద ఆరుబయట వేదికకు వెళ్ళిన రోజున నూలు తేమ పీల్చి బరువెక్కినట్టు నాకు చేతికి తెలుస్తుంది. మే నెల ఉక్కలో పలకలకూ గొట్టాలకూ పొత్తు కూడా తప్పుతుంది. వేడికి లోహపు పలక శ్రుతి కొద్దిగా దిగుతుంది, గొట్టంలోని గాలి శ్రుతి అంతకంటే ఎక్కువగా పైకి జరుగుతుంది. గొట్టం ఊతం తగ్గిన ఆ సాయంత్రాలలో మూల స్వరం పలచబడుతుంది, గట్టి మ్యాలెట్లు మరీ కీచుగా వినిపిస్తాయి. అలాంటప్పుడు నేను అలవాటైన దానికంటే ఒక అంచె మెత్తనివి, బరువైనవి తీసుకుంటాను.

దెబ్బకు ముందు సంగతి ఇంతసేపూ చెప్పాను. దెబ్బకు తరువాత చేతికి ఉన్న పని వైబ్రాఫోన్‌లో మరీ ఎక్కువ. అల్యూమినియం పలకను వదిలేస్తే అది చాలాసేపు మోగుతూనే ఉంటుంది. పెడల్ వదిలితే నమదా (ఒత్తిన ఉన్ని) పట్టీ పలకలన్నిటినీ ఒకేసారి ఆపేస్తుంది. మనకు కావలసింది చాలాసార్లు ఒక్క స్వరాన్ని మాత్రమే ఆపి మిగతావాటిని మోగనివ్వడం. దానికి మ్యాలెట్టుతోనే పలకను నొక్కి ఆపుతాం. స, రి, గ అని వాయిస్తున్నాను. పెడల్ తొక్కే ఉంది. రి కొట్టిన క్షణంలోనే స కొట్టిన మ్యాలెట్టు తిరిగి స మీద వాలి దాన్ని ఆపుతుంది, గ కొట్టినప్పుడు రి మీద వాలుతుంది.

(వక్త ముందు ఆపకుండా, తరువాత ఆపుతూ అదే వరుస వాయించారు.)

మొదటిది మసక, రెండోది మాట. మ్యాలెట్టు ఎంపిక ఇక్కడ మళ్ళీ ముందుకు వస్తుంది. మరీ గట్టి గుండుతో మోగుతున్న పలకను తాకితే గిర్రుమని జీరపోతుంది, మరీ మెత్తనిది నెమ్మదిగా ఆపుతుంది, ఆ లోపల స్వరం ఈడ్చినట్టవుతుంది. నూలు పొర మందంగా, లోపలి ఉండ స్థిరంగా ఉన్న మధ్యరకమే ఈ పనికి ఉత్తమం. పట్టు విషయానికి వస్తే, నొక్కేటప్పుడు గుండు ఎగరకూడదు, కొట్టేటప్పుడు ఎగరాలి. ఒకే చేతిలో ఒక మ్యాలెట్టు ఎగురుతూ ఉండగా రెండోది అంటుకుని ఉండాలి. ఇందాక వేళ్ళు బిగించవద్దు అన్నాను కదా, ఇక్కడ మాత్రం ఆ ఒక్క వేలు, ఆ ఒక్క క్షణం బిగియాలి. ఇది అలవడటానికి నాకు రెండేళ్ళు పట్టింది. మోటారు ఆపేసి, ఈ నొక్కుడును వాక్యంలో విరామచిహ్నంలా వాడి, వైబ్రాఫోన్‌ను పియానోలా ఒంటరిగా నిలబెట్టడంలో బర్టన్ చేసిన కృషి పెద్దది. ఆయన పట్టు మనకు అబ్బినా అబ్బకపోయినా, ఆయన స్వరాలు ఎక్కడ ఆపుతాడో వింటే చాలు, సగం పాఠం అయినట్టే.

ప్రశ్నలకు సమయం ఇచ్చారు.

(మొదటి మ్యాలెట్ల జత ఏది కొనాలని ఒక విద్యార్థి అడిగారు.)

మధ్యరకం నూలు మ్యాలెట్లు, బెత్తపు కాడలవి, నాలుగు. రెండు కొనవద్దు, తరువాత జతకు జత దొరకదు. జైలోఫోన్ ప్లాస్టిక్ గుండ్లు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా ఈ పలకల మీద వాడకండి. నేను పాతది కొన్న వాద్యం మీద నాకంటే ముందు ఎవరో అలాంటి వాటితో వాయించారు, మధ్య పలకల మీద ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. ఏడాది తరువాత ఒక మెత్తని జత చేర్చుకోండి. అప్పటికి ఎందుకు కావాలో మీకే తెలిసి ఉంటుంది.

(ఈ వాద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, సాధ్యమా అని వీణ విద్వాంసురాలు ఒకరు అడిగారు.)

ఈ ప్రశ్న వస్తుందని అనుకుంటూనే వచ్చానమ్మా. జలతరంగంలో పుల్లతో నీటిని తాకి స్వరాన్ని కొద్దిగా కదిలిస్తారు, మాకు ఆ నీరు కూడా లేదు. ఒక్క ఉపాయం ఉంది. ఒక చేతితో మామూలు నూలు మ్యాలెట్టుతో పలకను మోగించి, రెండో చేతిలో నూలు చుట్టని గట్టి రబ్బరు మ్యాలెట్టును తాడు దూరిన చోట, అంటే అస్పందన స్థానం మీద, గట్టిగా ఆనించి, అక్కడి నుంచి నడుమవైపు నెమ్మదిగా జరిపితే స్వరం కిందికి జారుతుంది. చూడండి.

(వక్త గాంధారాన్ని మోగించి, అర్ధస్వరం కంటే తక్కువ దూరం కిందికి జార్చి చూపారు.)

కిందికి మాత్రమే జారుతుంది, పైకి రాదు. పైకి కావాలంటే ముందే జార్చి పెట్టుకుని, కొట్టి, వెనక్కి జరపాలి. కాబట్టి స్వరాన్ని ఊపే కంపితం రాదు, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే జారు గమకానికి నీడలాంటిది వస్తుంది. దీనికి నూలు మ్యాలెట్టు పనికిరాదు, మెత్తదనం మోతను తాగేస్తుంది. నాలుగు మ్యాలెట్లు పట్టుకున్నప్పుడు ఆ రబ్బరుదాన్ని ఎడమచేతి లోపలి స్థానంలో పెట్టుకుంటాను, బొటనవేలి బలం దానికి సూటిగా అందుతుంది. వాద్యం ఇక్కడే ఉంటుంది, కావలసినవారు వచ్చి జరిపి చూడండి. నొక్కే ముందు గుండు మీద ఇసుక రేణువు లేకుండా ఒకసారి గుడ్డతో తుడవండి, పలక మీద గీత పడితే పోదు.